మోగలేదంటే గ్యాస్ లేనట్టేనా?

పరవాడలోనో పటాన్‌చెరులోనో ఓ మందుల ఫ్యాక్టరీ. పొద్దున షిఫ్టు. ఖాళీ చేసిన రసాయనాల ట్యాంకును శుభ్రం చేయడానికి ఓ మనిషి లోపలికి దిగాలి. దిగేముందు, చొక్కాకి తగిలించుకున్న చిన్న పరికరాన్ని ఆన్ చేసి లోపలి గాలిని పరీక్షిస్తాడు. అరచేతిలో ఇమిడిపోయే దాని తెరమీద నాలుగు అంకెలు కనిపిస్తాయి. ఆక్సిజన్ 20.9 శాతం. కార్బన్ మోనాక్సైడ్ సున్నా. హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నా. మండే వాయువులు సున్నా. ఇంకేం, అంతా బాగుందనుకుని నిచ్చెన మీద కాలు పెడతాడు.

ఆ సున్నాలకు రెండర్థాలున్నాయి. ఒకటి, లోపల ప్రమాదకరమైన గ్యాస్ లేదు. రెండోది, గ్యాస్ ఉంది కానీ దాన్ని పసిగట్టాల్సిన సెన్సర్ ఎప్పుడో చచ్చిపోయింది. చిత్రమేమిటంటే, రెండు సందర్భాల్లోనూ తెరమీద కనిపించేది ఒకటే అంకె!

మరి ఏ సున్నా నిజమైందో తెలిసేదెలా? పరికరానికి గ్యాస్ రుచి చూపించడం ఒక్కటే మార్గం. ఎంత తరచుగా చూపించాలి, ఎలా చూపించాలి అన్నదే ఈ వారం సంగతి.

ఇదంతా ఇంజినీర్లు చూసుకునే వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. సింగరేణి గనుల్లో మీథేన్, రిఫైనరీల్లో ఎల్పీజీ, మందుల ఫ్యాక్టరీల్లో ద్రావకాల ఆవిర్లు, చేపలూ రొయ్యలూ శుద్ధిచేసే కేంద్రాల్లోనూ కోల్డ్ స్టోరేజీల్లోనూ అమోనియా, మంచినీటి శుద్ధి కేంద్రాల్లో క్లోరిన్, మురుగునీటి మ్యాన్‌హోళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్... మన చుట్టుపక్కల ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు రోజూ వీటి మధ్యకు వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తున్నవాళ్లే. అంతెందుకు, మన వంటింట్లోనూ గ్యాసే కదా.

పిట్టలో ఉన్న సుగుణం

గ్యాస్‌ను పసిగట్టే పరికరాల చరిత్ర బొగ్గు గనుల్లో మొదలైంది. 1815లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ గనుల కోసం ఓ దీపం తయారుచేశాడు. మంట చుట్టూ సన్నని తీగల జల్లెడ. గాలిలో మీథేన్ ఉంటే ఆ మంట ఆకారం, రంగు మారేవి. ఆక్సిజన్ తగ్గితే కొడిగట్టేది. తర్వాత 1890ల్లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త, కార్బన్ మోనాక్సైడ్‌ను కనిపెట్టడానికి చిన్న ప్రాణుల్ని గనుల్లోకి తీసుకెళ్లమని సలహా ఇచ్చాడు. అలా వచ్చిందే కెనరీ పిట్ట. మనిషికంటే ముందే పిట్ట సొమ్మసిల్లేది. అది చూసి కార్మికులు పైకి పరిగెత్తేవారు. బ్రిటన్ గనుల్లో ఈ పద్ధతి 1986 దాకా సాగింది.

పాపం పిట్ట అనిపిస్తుంది. నిజమే. కానీ పరికరంగా దానికో గొప్ప సుగుణం ఉంది. పంజరంలోకి చూస్తే చాలు, అది పనిచేసే స్థితిలో ఉందో లేదో తెలిసిపోతుంది. చచ్చిన పిట్టను పట్టుకుని ఎవరూ గనిలోకి దిగరు. దీపం కూడా అంతే. ఆరిపోతే ఆరిపోయినట్టు కనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్ డిటెక్టర్‌కు ఆ సుగుణం లేదు. బ్యాటరీ బాగుంటుంది, తెర వెలుగుతుంది, పచ్చలైటు మెరుస్తుంది. లోపలున్న సెన్సర్ మాత్రం పనిచేయకపోవచ్చు. కొత్త పరికరాల్లో తమ లోపాల్ని తామే చెప్పుకునే ఏర్పాట్లు కొన్ని వచ్చాయి. అయినా గ్యాస్ తగిలితే స్పందిస్తుందా లేదా అన్నది గ్యాస్ తగిలించి చూస్తేనే కచ్చితంగా తెలిసేది.

సెన్సర్ ఎందుకు చస్తుంది?

మండే వాయువుల్ని కనిపెట్టడానికి ఎక్కువగా వాడేది ఆవగింజంత పూస లాంటి సెన్సర్. లోపల సన్నని ప్లాటినం తీగ, పైన రసాయన పూత. తీగను వేడిచేసి ఉంచుతారు. మీథేనో ఎల్పీజీయో వచ్చి తగిలితే ఆ పూత మీద నెమ్మదిగా మండుతుంది. పూస వేడి పెరుగుతుంది. ఎంత వేడెక్కిందో లెక్కగట్టి తెరమీద అంకె చూపిస్తుంది పరికరం.

ఆ పూతకు ఓ బద్ధశత్రువుంది... సిలికోన్. అద్దాల సందులు మూసే సీలెంట్లలో, డ్యాష్‌బోర్డు మెరుగుపెట్టే పాలిష్‌లలో, కొన్ని గ్రీజుల్లో, స్ప్రేల్లో సిలికోన్ ఉంటుంది. దాని ఆవిరి తగిలితే పూస మీద గాజుపొరలా పేరుకుపోతుంది. ఇక గ్యాస్ తగిలినా మండదు. వేడి పెరగదు. తెరమీద సున్నా! అంటే పరికరాన్ని తళతళలాడించాలని ఎవరో భక్తిగా పాలిష్ కొడితే దాని ప్రాణమే పోవచ్చన్నమాట. గంధకం, సీసం ఉన్న కొన్ని రసాయనాలూ ఇలాంటి పనే చేస్తాయి.

ఈ పూసకు ఇంకో బలహీనత ఉంది. గ్యాస్ మండాలంటే ఆక్సిజన్ కావాలి. పేలుడు జరక్కుండా నైట్రోజన్ నింపి ఉంచిన ట్యాంకుల్లో ఆక్సిజన్ ఉండదు. అక్కడ ఎంత గ్యాస్ ఉన్నా ఈ సెన్సర్ చూపించేది నమ్మడానికి లేదు. గ్యాస్ మరీ ఎక్కువైనా అంతే. అంకె గబగబా పైకెక్కి మళ్లీ కిందికి పడిపోవచ్చు. 'హమ్మయ్య, తగ్గింది' అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అనుభవజ్ఞులు తెరమీద ముందు చూసేది ఆక్సిజన్ అంకెనే.

విషవాయువుల సెన్సర్ తీరు వేరు. అది బుల్లి బ్యాటరీ లాంటిది. లోపల కొంచెం రసాయన ద్రవం ఉంటుంది. కార్బన్ మోనాక్సైడో హైడ్రోజన్ సల్ఫైడో లోపలికి వెళితే రసాయన చర్య జరిగి కొద్దిపాటి కరెంటు పుడుతుంది. వాడినా వాడకపోయినా దాని శక్తి తగ్గుతూ ఉంటుంది. సాధారణంగా రెండు మూడేళ్లు పనిచేస్తుంది. మన ఎండాకాలపు వేడికి, పొడిగాలికి ద్రవం ఇంకా తొందరగా ఎండిపోవచ్చు. పైన ఉండే జల్లెడలో బొగ్గుపొడో సిమెంటు దుమ్మో చేరితే సెన్సర్ బాగున్నా గ్యాస్ దానిదాకా చేరదు.

వీటిలో కాస్త నిజాయతీ గలది ఆక్సిజన్ సెన్సరే. పాత రకం ఆక్సిజన్ సెన్సర్ నీరసిస్తే అంకె 20.9 నుంచి కిందికి దిగుతుంది. 19.5కి చేరగానే గోలపెడుతుంది. అంటే చచ్చేముందు చెప్పి చస్తుంది. మిగతా మూడూ చడీచప్పుడూ లేకుండా సున్నా దగ్గర ఆగిపోతాయి.

మీట నొక్కితే సరిపోదు

చాలాచోట్ల పరీక్ష అంటే పరికరం మీదున్న మీట నొక్కడమే. 'కీ...' మని మోగుతుంది, లైట్లు వెలుగుతాయి. 'ఆ, పనిచేస్తోంది' అని జేబులో పెట్టుకుంటారు. ఆ మీట పరీక్షించేది గంటనీ లైట్లనీ బ్యాటరీనీ మాత్రమే. సెన్సర్ జోలికే వెళ్లదు. కాలింగ్ బెల్ మోగినంత మాత్రాన గుమ్మంలోకి ఎవరొచ్చినా కుక్క అరుస్తుందని నమ్మకమేంటి?

కొందరు సిగరెట్ లైటర్ గ్యాస్ వదిలి చూస్తారు. ఇది ఇంకా ప్రమాదం. లైటర్‌లోంచి వచ్చేది దాదాపు గ్యాసే తప్ప గాలి కాదు. అంత మోతాదు ఒక్కసారిగా తగిలితే పూస దెబ్బతినవచ్చు. పైగా ఎంత గ్యాస్ తగిలిందో లెక్కే ఉండదు. అలారం మోగిందన్న తృప్తి మిగులుతుంది, సెన్సర్ మిగలదు.

అసలైన పరీక్షలు రెండు. మొదటిది బంప్ టెస్ట్. ఏ వాయువు ఎంత ఉందో తెలిసిన చిన్న సిలిండర్ నుంచి పరికరానికి కొన్ని సెకన్లు గ్యాస్ తగిలిస్తారు. అంకె పెరిగిందా, అలారం మోగిందా... అంతే చూస్తారు. ఒక నిమిషంలో అయిపోతుంది.

రెండోది కాలిబ్రేషన్. ఇందులో అదే సిలిండర్ గ్యాస్‌ను ఇంకాస్త ఎక్కువసేపు ఇచ్చి, పరికరం చూపించే అంకెను సిలిండర్ మీద రాసి ఉన్న అంకెతో సరిచేస్తారు. గోడగడియారంతో పోల్చుకోండి. ముల్లు తిరుగుతోందా లేదా అని చూడటం బంప్ టెస్ట్. రేడియోలో చెప్పే టైముతో ముల్లును సరిచేసుకోవడం కాలిబ్రేషన్.

ఈ సరిచేయడం ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో చూద్దాం. నాలుగు వాయువుల పరికరాలకు వాడే సిలిండర్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ సాధారణంగా 25 పీపీఎం ఉంటుంది. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. ఆ గ్యాస్ తగిలిస్తే పరికరం 24 అనో 25 అనో చూపిస్తే సంతోషం. 15 అని చూపిందనుకోండి, సెన్సర్ అసలు విలువలో 60 శాతమే చెబుతోందన్నమాట. అలారం 10 దగ్గర మోగేలా పెట్టారు. మరి బయట నిజంగా 10 పీపీఎం ఉన్నప్పుడు ఈ పరికరం చూపేది 6. మోగదు. తెరమీదకి 10 రావాలంటే గాలిలో గ్యాస్ దాదాపు 17కి చేరాలి. సెన్సర్ ఇంకా నీరసిస్తే అంతకంతకూ ఆలస్యం.

బొగ్గుగనిలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. గాలిలో మీథేన్ 5 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అందుకే దానికి పావువంతు, అంటే 1.25 శాతం దగ్గరే పని ఆపి మనుషుల్ని బయటికి పంపాలని మన గనుల నిబంధనలు చెబుతున్నాయి. పరికరం సగమే చూపిస్తోందనుకోండి. తెరమీద 1.25 వచ్చేసరికి అసలు గాలిలో 2.5 ఉంటుంది. భద్రత కోసం పెట్టుకున్న ఎడంలో మూడోవంతు మనకు తెలియకుండానే కరిగిపోయినట్టే.

ఇంతకీ ఎన్నాళ్లకోసారి?

జేబుకి తగిలించుకునే పరికరాల విషయంలో నిపుణుల మాట సూటిగా ఉంది. బంప్ టెస్ట్ ఏ రోజుకారోజు, వాడే ముందు. అమెరికాలో భద్రతా పరికరాల తయారీదారుల సంఘం ఐఎస్ఈఏ చెప్పేది ఇదే. అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా కూడా ఇదే మాట చెప్పింది. నెలకోసారి కాదు, వారానికోసారి కాదు. ఎందుకంటే నిన్న సాయంత్రం పరికరం కిందపడి ఉండొచ్చు, నీళ్లలో తడిసి ఉండొచ్చు, పక్కన ఎవరో సీలెంటు వాడి ఉండొచ్చు. నిన్నటి పరీక్ష నిన్నటికే.

పూర్తి కాలిబ్రేషన్ ఎప్పుడు చేయాలన్నది తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా పరికరాలకు ఆరు నెలలు దాటకూడదని రాస్తారు. దుమ్ము, వేడి, తేమ, రసాయనాలు ఎక్కువగా ఉన్నచోట నెలకోసారి చేసే సంస్థలూ ఉన్నాయి. తేదీతో సంబంధం లేకుండా వెంటనే చేయాల్సిన సందర్భాలు నాలుగు: బంప్ టెస్ట్‌లో తప్పినప్పుడు, గట్టిగా కిందపడినప్పుడు, మోతాదు మించిన గ్యాస్ తగిలినప్పుడు, సెన్సర్ మార్చినప్పుడు. కాలిబ్రేషన్‌లోనూ తప్పితే దాన్ని పక్కన పెట్టేయాల్సిందే. 'ఈ ఒక్క షిఫ్టుకీ కానీండి' అన్నమాట రాకూడదు.

గోడలకీ పైపులకీ శాశ్వతంగా బిగించే డిటెక్టర్లది మరో పద్ధతి. వాటిని రోజూ పరీక్షించడం కుదరదు. మొదట మూడు నెలలకోసారి చూసి, ప్రతిసారీ సరిచేయకముందు అది ఎంత చూపించిందో రాసిపెట్టుకోవాలి. ఈ 'ముందు అంకె' చాలా విలువైంది. వరసగా నాలుగుసార్లు దాదాపు సరిగ్గానే చూపిస్తే గడువును తయారీదారు అనుమతించినంత వరకు పెంచుకోవచ్చు. చాలా తేడా వస్తుంటే నెలకోసారికి తగ్గించుకోవాలి. అంటే ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్నకు జవాబు ఆ రిజిస్టరే చెబుతుంది. చాలామంది సరిచేసిన తర్వాతి అంకె మాత్రమే రాసి సంతకం పెట్టేస్తారు. దానివల్ల పరికరం ఇన్నాళ్లూ నిజం చెప్పిందో అబద్ధం చెప్పిందో ఎప్పటికీ తెలియదు.

ఇంకో రెండు మెలికలున్నాయి. పరికరం ఆన్ చేయగానే చుట్టూ ఉన్న గాలిని సున్నాగా తీసుకునే సౌకర్యం ఉంటుంది. దాన్ని ఆరుబయట, మంచి గాలిలోనే వాడాలి. మ్యాన్‌హోల్ పక్కన నిలబడో, లారీ పొగ మధ్యలోనో ఆ మీట నొక్కితే అక్కడున్న గ్యాసే దానికి సున్నా అయిపోతుంది! ఇక రెండోది, పరీక్షకు వాడే సిలిండర్‌కూ గడువు తేదీ ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, క్లోరిన్ లాంటివి సిలిండర్‌లో ఉండగానే కాలంతోపాటు పలచబడతాయి. గడువు దాటిన సిలిండర్‌తో పరీక్ష చేయడం అరిగిపోయిన తూకంరాయితో త్రాసును సరిచూడటం లాంటిదే.

త్రాసు అంటే గుర్తొచ్చింది. కిరాణా కొట్టులో వాడే ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా ముద్ర వేయాలి. ముద్ర లేకపోతే దుకాణదారుతో గొడవపడతాం. అక్కడ పోయేది యాభై గ్రాముల పప్పు. ప్రాణాన్ని తూచే పరికరం మీద ముద్ర గురించి అడిగేవాళ్లు మాత్రం అరుదు.

ముక్కును నమ్ముకుంటే...

'వాసన వస్తుంది కదా, అంత మాత్రం తెలీదా' అంటారు కొందరు పాతకాపులు. కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన కోడిగుడ్ల వాసన ఉంటుంది కానీ అది చేసే మోసం అంతా ఇంతా కాదు. గాలిలో 100 పీపీఎం దాకా పెరిగితే కొద్ది నిమిషాల్లోనే మన ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన తగ్గింది, గ్యాస్ పోయిందనుకుంటాం. పోయింది గ్యాస్ కాదు, వాసన చూసే శక్తి. అదే వాయువు ఏడెనిమిది వందల పీపీఎం దాటితే కొద్ది పీల్పుల్లోనే మనిషి కుప్పకూలతాడు.

మ్యాన్‌హోళ్లలో జరిగేది ఇదే. ఒకరు దిగి పడిపోతారు. ఆయన్ని కాపాడబోయి రెండోవారు దిగుతారు. ఆ తర్వాత మూడోవారు. పేపర్లో ఇలాంటి వార్త చదవని ఏడాది లేదు. మురుగుకాల్వల్లోకి మనుషుల్ని దించడాన్ని కట్టడి చేస్తూ 2013లో చట్టం వచ్చింది. తప్పనిసరై దించాల్సి వస్తే ఇవ్వాల్సిన రక్షణ సామగ్రి జాబితాలో నాలుగు వాయువుల్ని కొలిచే మానిటర్ కూడా ఉంది. మురుగుకాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని పది లక్షల నుంచి ముప్ఫై లక్షలకు పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎన్ని లక్షలైతే ఏం, మనిషి తిరిగి రాడు కదా. ఆ మానిటర్ కొని స్టోర్‌రూమ్‌లో పెట్టడంతో పని అయిపోలేదు. దాని సెన్సర్ బతికుందో లేదో దిగే రోజున చూడాలి.

గ్యాస్ ఎంత నష్టం చేయగలదో మన ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలింది. యాభై మందికి పైగా చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున అదే విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి వచ్చింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ఫ్యాక్టరీలో సైరన్ ఏర్పాటు ఉన్నా జనాన్ని లేపడానికి అది మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా ఫ్యాక్టరీలో ద్రావకం ఆవిరి అంటుకుని పేలిపోయి 17 మంది బలయ్యారు.

డిటెక్టర్లను సరిచూడకపోవడమే వీటన్నిటికీ కారణమని కాదు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కథ ఉంది. కానీ గ్యాస్ బయటపడ్డాక మనిషి చేతిలో మిగిలేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్ని ఇవ్వగలిగేది సకాలంలో మోగే గంట. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు లీకైనప్పుడు అక్కడి కార్మికులు దాన్ని గుర్తించింది కళ్లమంటతో! ఇన్నేళ్ల తర్వాత, ఇంత మంచి పరికరాలు వచ్చాక కూడా కళ్లనీ ముక్కునీ నమ్ముకోవాల్సిన పనిలేదు. పరికరాల్ని నమ్మదగ్గవిగా ఉంచుకుంటే చాలు.

మన వంటింటి సంగతి

ఇళ్లలో పెట్టుకునే గ్యాస్ అలారాలు ఇప్పుడు చాలామంది కొంటున్నారు. మంచిదే. అయితే సిలిండర్‌లోని ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే నేలబారున పాకుతుంది. కాబట్టి దాని అలారాన్ని నేలకు దాదాపు అడుగు ఎత్తులో పెట్టాలి. పైపుల ద్వారా వచ్చే సహజవాయువు గాలికంటే తేలిక. దాని అలారం పైకప్పుకు దగ్గర్లో ఉండాలి. సిలిండర్ వాడుతూ అలారాన్ని అటక పక్కన బిగిస్తే, అది మోగే సమయానికి గది సగం నిండిపోయి ఉంటుంది.

దీనికీ ఆయుష్షుంది. చాలావాటి మీద అయిదు నుంచి ఏడేళ్లని రాసి ఉంటుంది. వెనక్కి తిప్పి తేదీ చూడండి. గడువు దాటితే మోగుతున్నా మార్చేయండి. ఇంట్లో వాడే రకాలకు అగరొత్తుల పొగ, అత్తరు, స్పిరిట్ ఆవిరి తగిలినా మోగే గుణం ఉండొచ్చు. విసుగొచ్చి ప్లగ్గు పీకేసేవాళ్లున్నారు. స్థలం మార్చి చూడండి కానీ పీకేయకండి. వారానికోసారి మీట నొక్కి గంట చూసుకోండి. సెన్సర్ పరీక్షను పరీక్ష గ్యాస్ ఉన్న టెక్నీషియన్‌తోనే చేయించండి. సిలిండర్ రెగ్యులేటర్ వదులుచేసి 'మోగుతుందేమో చూద్దాం' అనే ప్రయోగాలు వద్దు.

అలారం మోగినా, వాసన వచ్చినా ముందు పొయ్యి, రెగ్యులేటర్ కట్టేయండి. తలుపులూ కిటికీలూ తెరవండి. కరెంటు స్విచ్చులు వేయొద్దు, ఆపొద్దు కూడా. బయటికొచ్చాక ఎల్పీజీ అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ కంపెనీలు చెప్పినట్టు అయిదేళ్లకోసారి రబ్బరు గొట్టం మార్చడం, తనిఖీ చేయించుకోవడం ఎలాగూ ఉండాల్సిందే.

మరో మాట. ఎల్పీజీ అలారం కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోదు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ పెట్టుకుంటే పుట్టేది ఆ వాయువే. స్నానానికి వెళ్లినవాళ్లు లోపలే కుప్పకూలిన సంఘటనలు ప్రతి చలికాలంలోనూ వింటున్నాం. ఎల్పీజీ అలారం ఉంది కదా అని ధీమా పడొద్దు. గీజర్‌ను గది బయట పెట్టించడం, గాలి వచ్చేలా చూడటం ముఖ్యం.

అడగాల్సిన ప్రశ్నలు

ఫ్యాక్టరీలోనో గనిలోనో మునిసిపాలిటీలోనో గ్యాస్ మధ్య పనిచేసేవాళ్లు మీ ఇంట్లో ఉంటే వారిని ఈ అయిదూ అడగండి:

* ఈరోజు వాడే ముందు పరికరానికి గ్యాస్ తగిలించి చూశారా, మీట మాత్రం నొక్కారా?

* చివరి కాలిబ్రేషన్ ఎప్పుడు? సరిచేయకముందు ఎంత చూపించింది?

* పరీక్ష సిలిండర్ గడువు దాటలేదు కదా?

* పరికరం కిందపడితే ఎవరికి చెప్పాలి? చెబితే తిడతారా?

* అలారం మోగితే ఏం చేస్తారు?

చివరి రెండూ చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ అసలు కిటుకంతా వాటిలోనే ఉంది. పరికరం పడేసినందుకు జీతంలో కోత పెడతారని భయపడే మనిషి, అది పడిన సంగతి దాచిపెడతాడు. మర్నాడు ఇంకొకరు దాన్నే తగిలించుకుని దిగుతారు. అలాగే, మోగిన ప్రతిసారీ 'అది అంతేలే, ఊరికే మోగుతుంది' అని మీట నొక్కి ఆపేసే అలవాటున్నచోట ఎంత మంచి పరికరమున్నా దండగే. మోగితే బయటికి రావాలి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

యాజమాన్యాలకూ ఓ మాట. ఒక్కో పరికరానికి పరీక్ష ఒక నిమిషం. యాభై మంది షిఫ్టులోకి వచ్చేచోట గేటు దగ్గరే వరసగా పరీక్షించి, ఫలితాన్ని దానంతటదే రాసిపెట్టే యంత్రాలు దొరుకుతున్నాయి. హాజరు వేయించుకోవడానికి పట్టేంత సమయమే దానికీ పడుతుంది.

పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతుంటే క్యారేజీ పెట్టుకున్నారా, ఫోన్ తీసుకున్నారా, హెల్మెట్ ఏదండీ అని గుమ్మంలో నిలబడి అడుగుతాం. ఆ వరసలో ఇంకొకటి చేర్చండి... 'నిన్న గ్యాస్ పెట్టి చూశారా?' అని. నాలుగు రోజులు విసుక్కుంటారు. అయిదోరోజు చూసొచ్చి చెబుతారు.